నిద్రలో చేతులకు తిమ్మిరి

పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో అర్ధరాత్రి చెయ్యి మొద్దుబారి మెలకువ వచ్చేది. రక్తం ఆడడం లేదేమో అనుకునేదాన్ని. కానీ చాలాసార్లు కారణం నరం నొక్కుకుపోవడమే.

తిమ్మిరి ఏ వేళ్లకో గమనించండి. చిటికెన, ఉంగరపు వేళ్లకైతే మోచెయ్యి బాగా ముడిచి పడుకోవడం వల్ల కావచ్చు. మోచేతికి తువ్వాలు వదులుగా చుట్టుకుంటే అంతగా ముడుచుకోదు. బొటన, చూపుడు, మధ్య వేళ్లకైతే మణికట్టు దగ్గర నరం నొక్కుకుని ఉండవచ్చు. కుట్టుపని చేసేవారిలో, గర్భిణుల్లో ఇది కనిపిస్తుంది. రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ వేసుకుంటే ఉపశమనం కలుగుతుంది.

తరచూ వస్తున్నా, చేతిలో పట్టు తగ్గినా డాక్టరుకు చూపించండి. షుగరు, థైరాయిడ్, బి12 లోపం కూడా కారణాలు కావచ్చు.

ఉన్నట్టుండి ఒక చెయ్యి పడిపోయినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా పక్షవాతమేమో! తెల్లవారేదాకా ఆగకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.