కేబుల్ డిక్కీలోనే ఉండిపోయింది
కువైట్‌లో ప్లగ్-ఇన్ హైబ్రిడ్ బండ్ల మీద అపోహలు – వాస్తవాలు

శుక్రవారం సాయంత్రం. మామాను (యజమానురాలిని) ముబారకియా మార్కెట్ దగ్గర దింపి, మాలియా వైపు బండి ఆపుకొని కనిపించాడు రాజంపేట దగ్గరి డ్రైవరు తమ్ముడొకడు. ధగధగలాడే కొత్త బండి. పలకరిస్తే అతనే మొదలుపెట్టాడు.

"ఎనిమిది నెలలాయ అన్నా, మా బాబా ఈ బండి తెచ్చి. పెట్రోలూ పోయొచ్చంట, కరెంటూ పెట్టొచ్చంట. కరెంటు మాత్రం ఒక్కనాడన్నా పెట్టింది లేదు. పెట్టకపోయినా బాగనే నడస్తాండాది గదా, ఇంగెందుకు?"

డిక్కీ తెరవమన్నాను. అడుగున అరలో ఛార్జింగ్ కేబుల్ సంచి ఉంది. దాని మీది ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు. కరెంటు పని చేసుకు బతికేవాణ్ణి కాబట్టి అది చూసి మనసు చివుక్కుమంది. అంత ఖరీదు పెట్టి కొన్న బండిలో సగం ఎనిమిది నెలలుగా ఊరికే పడి ఉంది. ఆ సంగతి బాబాకూ (యజమానికీ) తెలియదు, తమ్ముడికీ ఎవరూ చెప్పలేదు.

కువైట్‌లో ఖరీదైన బండ్ల కథంతా ఇలాగే ఉంటుంది. దఫ్తర్‌లో (బండి రిజిస్ట్రేషన్ పుస్తకంలో) పేరు కువైటీది, స్టీరింగు మీద చెయ్యి కడపవాడిదో, రాయచోటివాడిదో, గోదావరి జిల్లాలవాడిదో. షోరూములో అమ్మేవాళ్ళు వివరాలన్నీ యజమానికి చెబుతారు. రోజూ తోలేవాడికి తాళం మాత్రం అందుతుంది. మిగిలినదంతా తోటి డ్రైవర్లు చెప్పిన మాటల మీదే నడుస్తుంది. ఆ మాటల్లో ఏది నిజమో, ఏది కాదో చెబుదామనే ఇది రాస్తున్నాను. ఈ మధ్య ఇలాంటి బండ్లు సొంతంగా కొంటున్న మన డాక్టర్లకూ, ఇంజినీర్లకూ ఇందులో పనికొచ్చేది ఉంది.

"ఛార్జింగ్ పెట్టకపోయినా నడుస్తుంది. నడిచేకొద్దీ బ్యాటరీ అదే నిండుతుంది."

మొదటి మాట నిజమే. అందరినీ తప్పుదారి పట్టించేది కూడా అదే. మామూలు హైబ్రిడ్‌కూ ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కూ తేడా బ్యాటరీ దగ్గర ఉంది. మామూలు హైబ్రిడ్ బ్యాటరీ ఒకటి రెండు యూనిట్ల కరెంటు పట్టే చిన్నది. బ్రేకు వేసినప్పుడు పుట్టే కరెంటు, ఇంజిన్ ఇచ్చేది కలిసి దానికి సరిపోతాయి. ప్లగ్-ఇన్ సంగతి వేరు. వోల్వో ఎక్స్‌సీ90 కొత్త రకంలో 18.8 యూనిట్లు, బీఎండబ్ల్యూ ఎక్స్5 45ఈలో 24, కొత్త పోర్షే కయెన్ ఈ-హైబ్రిడ్‌లో 25.9, రేంజ్ రోవర్ పీ440ఈలో 38.2 యూనిట్లు పట్టే బ్యాటరీలు ఉన్నాయి. 40వ నంబరు రోడ్డు మీద 120లో పోతుంటే బ్రేకు వేసేదెన్నిసార్లు? వేసినా, పెట్రోలు కాల్చి తెచ్చుకున్న వేగంలో కొంత తిరిగి వస్తుందంతే. ఇంజిన్‌తోనే బ్యాటరీ నింపే మీట కొన్ని బండ్లలో ఉంటుంది కానీ, గోడ ప్లగ్గు నుంచి ఫిల్సులకు (ఫిల్సు అంటే దీనారులో వెయ్యో వంతు) వచ్చే కరెంటును పెట్రోలు తగలేసి తయారుచేసుకోవడం అది.

ఛార్జింగ్ లేని ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటే వందల కిలోల బరువును ఊరికే మోసుకు తిరిగే పెట్రోలు బండి. ఇది కువైట్‌కు మాత్రమే పరిమితం కాదు. ఐరోపా కమిషన్ 2024లో బయటపెట్టిన లెక్క ప్రకారం, రోడ్డు మీద ఈ బండ్లు వదిలే కార్బన్ డయాక్సైడ్ ప్రయోగశాలలో తేలినదానికి మూడున్నర రెట్లు ఉంది. 2022లో ఐరోపా బండ్ల మీదే వచ్చిన మరో అధ్యయనం ఇంకొంచెం లోతుకు వెళ్ళింది. సొంత బండ్లవాళ్ళు దాదాపు సగం దూరం కరెంటు మీద పోతున్నారు. ఉద్యోగికి కంపెనీ ఇచ్చిన బండ్లు మాత్రం నూటికి 11 నుంచి 15 కిలోమీటర్లే కరెంటు మీద నడుస్తున్నాయి. పెట్రోలు డబ్బు కంపెనీ ఇచ్చినప్పుడు ఇంటికొచ్చి ప్లగ్గు పెట్టాలన్న పట్టింపు ఎవరికి ఉంటుంది? కువైట్ ఇళ్ళలో జరిగేదీ దాదాపు ఇదే. పెట్రోలు కఫీల్ (స్పాన్సరైన యజమాని) పోయిస్తాడు, బండి డ్రైవరు తోలతాడు, ప్లగ్గు పెట్టడం ఎవరి పనో ఆ ఇంట్లో ఎవరూ తేల్చరు.

"దీనికి పెద్ద ఛార్జింగ్ స్టేషన్ ఉండాలి."

అక్కర్లేదు. కువైట్ ఇళ్ళలో ఉండేది 240 వోల్టుల కరెంటు, బ్రిటిష్ పద్ధతి మూడు పిన్నుల ప్లగ్గు. బండితో వచ్చే కేబుల్ సాధారణంగా 10 ఆంపియర్ల వరకు లాగుతుంది, అంటే గంటకు 2.4 యూనిట్లు. 24 యూనిట్ల బ్యాటరీ ఖాళీ నుంచి నిండటానికి పది గంటలు. రాత్రి దివానియా (మగవాళ్ళ కూటమి) ముగిశాక పెడితే ఉదయానికి దాదాపు నిండుతుంది. గోడకు 32 ఆంపియర్ల ఛార్జర్ బిగించుకుంటే, అంత కరెంటు తీసుకోగలిగే బండికి మూడున్నర నాలుగు గంటలు చాలు. మాల్స్‌లో కనిపించే వేగవంతమైన డీసీ ఛార్జర్లకు చాలా ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు అసలు తగలవు. పైన చెప్పిన రేంజ్ రోవర్ లాంటివి కొన్నే వాటిని తీసుకోగలవు.

నన్ను భయపెట్టేది వేరే ఉంది. అది ఎక్స్‌టెన్షన్ బాక్సు. కువైట్ ప్లగ్గులో ఉండే ఫ్యూజు 13 ఆంపియర్లది. ఇస్త్రీపెట్టె అరగంట లాగే కరెంటు వేరు, బండి పది గంటలు ఎడతెగకుండా లాగే కరెంటు వేరు. బక్కాలాలో (కిరాణా కొట్టులో) కొన్న సన్న తీగ బాక్సు, చుట్టగా పడి ఉన్న వైరు, వదులైన పాత సాకెట్టు రాత్రంతా వేడెక్కి కరిగిపోతాయి. అదే బాక్సులో ఫ్రిజ్జూ, వాషింగ్ మెషీనూ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. బండి కేబుల్ నేరుగా గోడ సాకెట్టులోకే పోవాలి. ఆ సాకెట్టుకు ఎర్తింగు, కరెంటు లీకైతే కొట్టేసే బ్రేకరు ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్ ఒకసారి చూడాలి. పెట్టిన అరగంటకు ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి కాలేలా ఉంటే వెంటనే ఆపేయండి. సాల్మియా, మహబూలా ఫ్లాట్లలో ఉండే సొంత బండ్లవాళ్ళకు ఒక మాట: మూడో అంతస్తు వంటగది కిటికీలోంచి వైరు దించడం ఎంతమాత్రం వద్దు. పార్కింగులో ప్లగ్గు ఇవ్వమని హారిస్ (భవనం కాపలాదారు) ద్వారా భవన యజమానిని అడగండి. ఇవ్వకపోతే ఈ రకం బండి కొనకుండా ఉండటమే మేలు.

"కరెంటు బిల్లు పేలిపోతుంది."

లెక్క చూద్దాం. కువైటీల సొంత ఇళ్ళకు యూనిట్ 2 ఫిల్సులు. అద్దె ఫ్లాట్ల భవనాలకు 2016 నాటి చట్టంతో వచ్చిన ధర 5 ఫిల్సులు. 24 యూనిట్లు నింపితే విల్లాలో 48 ఫిల్సులు, ఫ్లాటులో 120. 2016 సెప్టెంబరులో పెరిగాక 95 రకం పెట్రోలు లీటరు 105 ఫిల్సులు. అంటే విల్లాలో బ్యాటరీ నిండా పట్టే కరెంటు ఖరీదు అర లీటరు పెట్రోలు కూడా కాదు. ఆ కరెంటుతో, ఏసీ వేసుకొని, యాభై కిలోమీటర్లు వచ్చిందనుకుందాం. అదే దూరానికి ఈ సైజు బండి ఐదారు లీటర్ల పెట్రోలు తాగుతుంది, అంటే 525 నుంచి 630 ఫిల్సులు. సాల్మియా నుంచి సిటీకి, బడికి, జమియాకు (సహకార స్టోరుకు) తిరిగే రోజు తిరుగుడు చాలావరకు ఆ యాభైలోనే అయిపోతుంది.

"ఈ ఎండలో ఛార్జింగ్ పెడితే బ్యాటరీ పేలుతుంది."

భయం ఊరికే రాలేదు. 2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైందని ప్రపంచ వాతావరణ సంస్థే ధ్రువీకరించింది. ఇంత వేడిలో ఫోనే ఆగిపోతుంటే బండి బ్యాటరీ ఏమవుతుందో అనిపించడం సహజం. అయితే ఫోనుకు లేనిది దీనికి ఒకటి ఉంది. ఈ బ్యాటరీలను చల్లబరచడానికి ఏసీ గ్యాసో, చల్లటి ద్రవమో తిరిగే ఏర్పాటు ఉంటుంది. ఛార్జింగ్ సమయంలోనూ అది పనిచేస్తుంది. వేడి హద్దు దాటితే బండి తనంతట తానే కరెంటు తీసుకోవడం తగ్గిస్తుంది, లేదా ఆపేస్తుంది. మధ్యాహ్నం ఛార్జింగ్ నెమ్మదించిందంటే అది చెడిపోయిందని కాదు, తనను కాపాడుకుంటోందని అర్థం.

బ్యాటరీ మంటల వార్తలు అబద్ధాలు కావు. 2020లో బీఎండబ్ల్యూ వేల సంఖ్యలో ప్లగ్-ఇన్ హైబ్రిడ్లను వెనక్కి పిలిచి, సరిచేసేదాకా ఛార్జింగ్ పెట్టవద్దని యజమానులకు చెప్పింది. ఎక్స్5 కూడా వాటిలో ఉంది. కారణం ఎండ కాదు, తయారీలో సెల్లుల్లో మిగిలిపోయిన మలినాలు. కాబట్టి మీ బండి అలాంటి జాబితాలో ఉందేమో ఛాసిస్ నంబరు చెప్పి డీలరును అడగడం ఎండను తిట్టుకోవడం కంటే మంచిపని.

ఎండ చేసే హాని కంటికి కనిపించదు, ఏళ్ళ మీద తెలుస్తుంది. నిండా ఛార్జయిన లిథియం బ్యాటరీ మండుటెండలో రోజుల తరబడి ఉంటే త్వరగా ముసలిదవుతుంది. జులై, ఆగస్టుల్లో బాబా వాళ్ళు కుటుంబంతో విదేశాలకు పోతారు, బండి రెండు నెలలు వాకిట్లో నిలబడుతుంది. అప్పుడు బ్యాటరీ నిండానూ ఉంచకూడదు, పూర్తిగా ఖాళీగానూ వదలకూడదు. సగం దరిదాపుల్లో ఉంచి నీడన పెట్టడం మంచిది. ప్లగ్గుకే వదిలి పెట్టాలా, తీసేయాలా అన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా చెబుతుంది. బండి పుస్తకం చూసి చెప్పమని బాబాను అడగండి. ఇంత పెద్ద బ్యాటరీ ఉన్నా పక్కన 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుందని గుర్తుపెట్టుకోండి. సెలవుల తర్వాత బండి లేవకపోతే చాలాసార్లు దోషం ఆ చిన్నదానిదే.

"ఏసీ కావాలంటే ఇంజిన్ తిరుగుతూ ఉండాల్సిందే."

నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది ఇక్కడే. జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పగలు 11 నుంచి 4 దాకా బయట ఎండలో పని చేయించకూడదని కువైట్‌లో నిబంధన ఉంది. బడి గేటు ముందు, మాల్ పార్కింగులో, ఆసుపత్రి బయట గంటల తరబడి బండిలో కాచుకు కూర్చునే డ్రైవరు బాధ మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. పెట్రోలు బండిలో ఏసీ కంప్రెసర్‌ను తిప్పేది ఇంజిన్ బెల్టు. ఇంజిన్ ఆపితే పది నిమిషాల్లో బండి పొయ్యిలా మారుతుంది. ఆపకపోతే పక్క బండ్ల పొగ, మన బండి పొగ కలిసి మనమే పీలుస్తాం.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో కంప్రెసర్ కరెంటుతో తిరిగేది. బ్యాటరీలో ఛార్జింగ్ ఉంటే ఇంజిన్ లేవకుండానే ఏసీ నడుస్తుంది. ఒకసారి చల్లబడ్డాక గంటకు సుమారు ఒకటిన్నర రెండు యూనిట్లు తిన్నా, పది యూనిట్లు మిగిలి ఉంటే ఐదారు గంటలు చల్లగా కూర్చోవచ్చు. రాత్రి పెట్టిన ఛార్జింగ్ వల్ల బాబాకు మిగిలేది కొన్ని వందల ఫిల్సులే. డ్రైవరుకు మిగిలేది ఊపిరితిత్తులూ, ప్రాణమూ. అందుకే ప్లగ్గు పెట్టడం మన పనే అనుకోమని డ్రైవరు తమ్ముళ్ళను బతిమాలుతున్నాను.

ఒక జాగ్రత్త చెప్పాలి. బ్యాటరీ అయిపోగానే ఇంజిన్ దానంతటదే లేస్తుంది. కాబట్టి మూసిన గ్యారేజీలో, గాలి ఆడని బేస్‌మెంటులో ఏసీ వేసుకొని నిద్రపోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. శబ్దం లేదు కాబట్టి బండి ఆగిపోయిందనుకొని దిగిపోవడం కూడా ప్రమాదమే. డ్యాష్‌బోర్డు మీద 'రెడీ' అని ఉందంటే అది కదలడానికి సిద్ధంగా ఉన్నట్టు. లోపల పిల్లలుంటే మరీ జాగ్రత్త.

"వాన పడితే, బండి కడిగితే షాకు కొడుతుంది."

బండీ కేబులూ ఒకదానికొకటి సంకేతం ఇచ్చుకున్నాకే కరెంటు పారుతుంది. చినుకులకు భయం లేదు. బండి కడిగేటప్పుడు కేబుల్ తీసేయండి, బానెట్ కింద నారింజ రంగు వైర్ల మీదికి ప్రెషరు నీళ్ళు కొట్టకండి, ఆ వైర్లు విప్పకండి. 2018 నవంబరు వరదల్లాంటివి వచ్చి బండి నీట మునిగితే స్టార్టు చేయకుండా టో బండిని పిలవాలి.

"పెట్రోలు మూత తెరుచుకోలేదంటే బండి పాడైనట్టే."

కాదు. ఇంజిన్ తక్కువగా తిరుగుతుంది కాబట్టి పెట్రోలు ఆవిరి బయటికి పోకుండా చాలా బండ్లలో ట్యాంకును ఒత్తిడి తట్టుకునేలా మూసి పెడతారు. మీట నొక్కి కాసేపు ఆగితే ఒత్తిడి దిగి మూత వస్తుంది. బంకులో దాన్ని గుంజకండి.

"కరెంటు మీద పోతే కాలుష్యం సున్నా."

ఇది యజమానులు ఇష్టంగా చెప్పే మాట. కువైట్ కరెంటు దాదాపు అంతా సబియా, దోహా, అజ్-జోర్ లాంటి కేంద్రాల్లో నూనె, గ్యాసు మండించి తీసేదే. షగాయా కేంద్రం మొదటి దశలో సూర్యుడి నుంచి, గాలి నుంచి వచ్చేది 70 మెగావాట్లు. వేసవిలో దేశం అడిగేది 16,000 మెగావాట్లు దాటింది. అయినా బడి గేటు ముందు పిల్లల ముక్కులకు తగిలే పొగ తగ్గడం చిన్న సంగతి కాదు. కరెంటు ఎప్పుడు తీసుకుంటామన్నది కూడా ముఖ్యమే. 2024 జూన్‌లో, మళ్ళీ 2025 ఏప్రిల్‌లో కువైట్‌లో ప్రకటించి మరీ కరెంటు కోసారు. పగటి ఏసీల తాకిడికి మన బండి కూడా తోడవ్వకూడదు. టైమరు రాత్రి పదకొండుకు పెట్టండి, బ్యాటరీకీ అప్పటి చల్లదనమే మంచిది.

బండి కొన్న అయ్యలారా, ఒక్క పది నిమిషాలు మీ డ్రైవరును పక్కన నిలబెట్టుకొని ప్లగ్గు ఎలా పెట్టాలో, ఎలా తీయాలో చూపించండి. తమ్ముళ్ళూ, ఈ రాత్రి డిక్కీ తెరిచి చూడండి. కేబుల్ సంచి ఇంకా మూసే ఉంటే, గ్యారేజీలో ఏ సాకెట్టు వాడాలో రేపు పొద్దున్నే బాబాను అడగండి.