పురుగుమందుకు విరుగుడు.. పనంతా నరాల మీదే!

రొంపిచెర్ల చుట్టుపక్కల మిర్చి, పత్తి చేలల్లో పురుగుమందు కొట్టడం మామూలే. మీ ఇంట్లో ఎవరికైనా మందు కొట్టి వచ్చాక విపరీతంగా చెమటలు, నోట్లో చొల్లు, కళ్లు మసకలు, ఆయాసం మొదలైతే ‘వడదెబ్బేలే’ అని ఊరుకోకండి.

నరాల నుంచి కండరాలకు, గ్రంథులకు కబురు చేర్చేది అసిటైల్‌కోలిన్ అనే రసాయనం. పని కాగానే ఓ ఎంజైమ్ దీన్ని విడగొట్టేస్తుంది. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు ఆ ఎంజైమ్‌ను పనిచేయనీయవు. దాంతో కబురు ఆగదు. ఊపిరితిత్తుల్లో స్రావాలు నిండి ఊపిరాడదు.

ఆసుపత్రిలో ఇచ్చే అట్రోపిన్ ఇంజెక్షన్ గ్రంథులు, గుండె మీద అసిటైల్‌కోలిన్ ప్రభావాన్ని అడ్డుకుంటుంది. స్రావాలు తగ్గేదాకా డాక్టర్లు మోతాదు పెంచుతారు. అప్పుడు నోరు ఎండిపోవచ్చు, మనిషి పొంతన లేకుండా మాట్లాడొచ్చు. కంగారుపడకుండా డాక్టరుకు చెప్పండి.

అయితే కండరాల నీరసానికి అట్రోపిన్ పనిచేయదు. తేరుకున్నట్టు కనిపించినా 1-4 రోజుల్లో ఊపిరి తీసే కండరాలు బలహీనపడొచ్చు. అందుకే ‘బాగానే ఉన్నాడుగా’ అని డాక్టరు పంపకముందే ఇంటికి తీసుకెళ్లొద్దు.

వెంటనే ఇలా చేయండి
* 108కి ఫోన్ చేయండి.
* చేతులకు గ్లౌజులు వేసుకుని, తడిసిన బట్టలు తీసేసి, ఒళ్లు, జుట్టు సబ్బునీళ్లతో కడగండి.
* మందు కడుపులోకి వెళితే బలవంతంగా వాంతి చేయించొద్దు.
* డబ్బా మీది లేబుల్‌ను ఫొటో తీసి డాక్టరుకు చూపించండి.