టైరుకు ఎండదెబ్బ

వేసవి మొదలవగానే పంక్చర్ షాపుల్లో ఒక మాట వినిపిస్తుంది: "ఎండలు కదా సార్, రెండు పాయింట్లు తగ్గించి పెడదాం." గాలి వేడెక్కితే వ్యాకోచిస్తుంది, టైరు పేలుతుంది, ముందే కాస్త తగ్గిస్తే పోయేదేముంది అని. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ టైరు లోపల జరిగేది తెలిస్తే ఆ రెండు పాయింట్లు తీయించడానికి ఎవరికీ మనసొప్పదు.

పొద్దున్నే 25 డిగ్రీల దగ్గర 33 పాయింట్లు పెట్టించామనుకుందాం. మధ్యాహ్నం హైవే మీద లోపలి గాలి 60 డిగ్రీలకు చేరితే మీటరు 38, 39 మధ్య చూపిస్తుంది. పెరిగింది ఐదారు పాయింట్లు. కారు తలుపు దగ్గర స్టిక్కర్ మీద అంకె వేసినవాళ్లు ఈ పెరుగుదలను ముందే లెక్కలో వేసుకున్నారు. బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూసుకోమనేది అందుకే. బాగున్న టైరు ఇంతకు ఎంతో ఎక్కువ ఒత్తిడిని ఓర్చుకుంటుంది. మరి ఎండాకాలంలోనే ఎందుకు ఎక్కువ పేలుతున్నట్టు? ఇక్కడ గాలిని పక్కన పెట్టి రబ్బరు సంగతి చూడాలి.

రబ్బరుకు రుతువులతో పేచీ మొదటినుంచీ ఉన్నదే. 1830లలో అమెరికాలో రబ్బరు బూట్లు చలికి బిగుసుకుపోయి పగిలేవి, ఎండకు జిగురుగా కరిగేవి. చార్లెస్ గుడ్‌ఇయర్ తపాలా శాఖకు చేసిన సంచులకూ అదే గతి పట్టింది. అప్పులకు జైలు పాలైనా ఆయన పట్టు వదల్లేదు. 1839లో గంధకం కలిపిన రబ్బరు ముక్క వేడి పొయ్యికి తగిలింది. కరగలేదు, మాడింది. మాడిన చోటు అంచున మాత్రం కొద్దిమేర మాడకుండా, జిగురు లేకుండా, సాగే రబ్బరు మిగిలింది. నేటి టైరు పుట్టుక ఆ అంచు దగ్గరే.

ఆయన నమూనాలు ఇంగ్లండులో రబ్బరు వస్తువులు తయారుచేసే థామస్ హాన్‌కాక్ చేతికి చేరాయి. ముక్కల మీద తేలిన గంధకపు పొడి హాన్‌కాక్ కంట పడింది. ఎంత వేడిలో ఎంతసేపు ఉంచాలో తన పనిశాలలో తానే కష్టపడి తేల్చుకుని, 1843 నవంబరులో బ్రిటిష్ పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. గుడ్‌ఇయర్ దరఖాస్తు కొన్ని వారాలు ఆలస్యమైంది. 1855లో కోర్టు కూడా హాన్‌కాక్ వైపే నిలిచింది. హాన్‌కాక్ పనితనాన్ని కాదనలేను గానీ, అప్పులతోనే కన్నుమూసిన గుడ్‌ఇయర్‌కు అన్యాయం జరిగిందనే నా అభిప్రాయం.

గంధకం చేసిందేమిటి? పచ్చి రబ్బరులోని పొడవాటి అణువుల గొలుసులు వేడికి ఒకదానిమీద ఒకటి జారిపోతాయి. గంధకం వాటి మధ్య అక్కడక్కడా వంతెనలు కట్టి ఆ జారుడు ఆపింది. అయినా రాపిడి మిగిలింది. రబ్బరు బంతిని వదిలి చూడండి, వదిలిన ఎత్తుకు తిరిగి రాదు. తగ్గిన ఎత్తులో ఎక్కువ భాగం బంతిలోనే వేడిగా మారింది. నలిగి మళ్లీ లేచే ప్రతిసారీ రబ్బరు ఈ పన్ను కడుతుంది.

కారు టైరు నేలకు తగిలే చోట కాస్త అణుగుతుంది, అక్కడ దాని పక్కగోడ వంగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు 14, 15 సార్లు తిరుగుతుంది. అంటే పక్కగోడలో ప్రతి చోటూ గంటలో 50 వేలసార్లకు పైగా వంగి లేస్తుంది. గాలి తక్కువైతే వంపు లోతవుతుంది, ప్రతి వంపుకీ పుట్టే వేడి పెరుగుతుంది. రబ్బరు వేడిని త్వరగా బయటికి పోనివ్వదు. మే నెల మధ్యాహ్నం తారురోడ్డే కాలిపోతుంటే ఆ వేడి ఇంక ఎటు పోతుంది? లోపలి ఉక్కు తీగల పట్టీల అంచుల దగ్గర చేరుతుంది. అక్కడ రబ్బరుకూ ఉక్కుకూ ఉన్న అతుకు సడలుతుంది, పొర విడుతుంది. చప్పుడు వినిపించేది ఆఖరున.

ఇది పుస్తకాల్లో ఉండిపోయే సంగతి కాదు. ఇలా పొరలు విడి ప్రమాదాలు జరగడంతో 2000 ఆగస్టులో అమెరికాలో టైర్ల కంపెనీ ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. ప్రమాదాలు ఎక్కువగా జరిగింది ఆరిజోనా, టెక్సాస్, ఫ్లోరిడా వంటి వేడి రాష్ట్రాల్లో. ఆ టైర్లు వేసిన తన ఎక్స్‌ప్లోరర్ బండికి 26 పాయింట్లు చాలని ఫోర్డ్ చెప్పింది, 30 ఉండాలని ఫైర్‌స్టోన్ తర్వాత వాదించింది. టైరు తయారీలో లోపాలూ బయటపడ్డాయి. తక్కువ గాలి, వేగం, ఎండ ఆ లోపాలకు తోడయ్యాయి.

ఎండతోనే కాదు, చలితోనూ టైరుకు పేచీ ఉంది. 1934లో ఫిన్లాండువాళ్లు మంచు కోసమే టైరు చేశారు. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల కిందికి వస్తే గట్టిపడుతూ రోడ్డు మీద పట్టు తప్పుతుంది, చలికాలపు టైరు మెత్తగానే ఉంటుంది.

చలి రబ్బరునే కాదు, లోపలి గాలినీ వదలదు. ఫైర్‌స్టోన్ గొడవ తర్వాతే అమెరికాలో కార్లకు గాలి తగ్గితే వెలిగే దీపం తప్పనిసరైంది. మిచిగన్‌లోని మన తెలుగువాళ్లకు అది బాగా పరిచయం. 20 డిగ్రీల దగ్గర నింపిన 33 పాయింట్లు మైనస్ 10 చలికి 28కి దిగుతాయి. అప్పటికే కాస్త తక్కువున్న టైరైతే పొద్దున బండి తీయగానే దీపం వెలుగుతుంది. అది పంక్చరే కానక్కర్లేదు, చలికి గాలి ఒత్తిడి తగ్గి ఉండొచ్చు. స్టిక్కర్ మీది అంకె వచ్చేదాకా ఆ చలిలోనే గాలి కొట్టించుకోవాలి.