కార్డు గీకితే దానమవుతుందా?

హన్మకొండ సుబేదారిలో కలెక్టరేట్ ఉంది, యూనివర్సిటీ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ ఉంది. నెల తిరిగేసరికి జీతమో పెన్షనో ఖాతాలో పడే ఇళ్లు ఇక్కడ తక్కువేమీ కావు. అలాంటి ఖాతాదారుకు క్రెడిట్ కార్డు తీసుకోమని ఫోన్లు వస్తూనే ఉంటాయి. వాటిలో ఒకటి, ‘మీరు పెట్టే ప్రతి ఖర్చులోంచి కొంత పేదపిల్లల చదువుకు వెళ్తుంది’ అని చెప్పిందనుకోండి. మనసున్న మనిషి వెంటనే ఫోన్ పెట్టేయలేడు. ఎలాగూ కొనే బియ్యం, పెట్రోలు, మందులే కదా, వాటితోపాటు ఒక మంచి పని జరుగుతుందంటే కాదనడం ఎందుకనిపిస్తుంది. ఆ మంచి పని ఎంత, దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారు అన్నది తెలిశాక అవునో కాదో చెప్పవచ్చు.

క్రెడిట్ కార్డు తెలుగువాళ్లకు నిన్నమొన్నటి వస్తువు కాదు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చి, దేశంలో ఈ దారి తొక్కిన తొలి బ్యాంకుల్లో ఒకటైంది. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. కార్డుకు దానాన్ని జోడించే ఆలోచన మాత్రం అమెరికాలో పేరుకెక్కింది. 1983లో న్యూయార్క్ లిబర్టీ విగ్రహాన్ని బాగుచేయడానికి చందాలు పోగుచేస్తుండగా, తమ కార్డు వాడిన ప్రతిసారీ ఒక సెంటు, కొత్త కార్డు తీసుకుంటే ఒక డాలరు ఇస్తామని అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ప్రకటించింది. విగ్రహానికి సుమారు 17 లక్షల డాలర్లు చేరాయి. కంపెనీకి అంతకంటే విలువైన సంగతి ఇంకొకటి తెలిసింది: కార్డు వాడకం నాలుగో వంతుకు పైగా పెరిగింది. దానం పేరు చెబితే జనం ఎక్కువగా కార్డు తీస్తారని అప్పుడు రుజువైంది. 2006లో బ్రిటన్‌లో వచ్చిన ‘రెడ్’ కార్డు ఎయిడ్స్, క్షయ, మలేరియాలపై పోరాడే గ్లోబల్ ఫండ్‌కు ఖర్చులో ఒక శాతం ఇచ్చేది.

ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? హన్మకొండ చౌరస్తాలో బట్టలు కొని 100 రూపాయలకు కార్డు గీకామనుకుందాం. దుకాణదారుకు పూర్తి వంద చేరదు. క్రెడిట్ కార్డు మీద సుమారు రెండు రూపాయలు కోతపడి, 98 రూపాయలే అతని ఖాతాలో పడతాయి. ఆ కోతలో పెద్ద వాటా మనకు కార్డు ఇచ్చిన బ్యాంకుది. మిగిలింది వీసా, మాస్టర్ కార్డ్, రూపే లాంటి సంస్థకూ, దుకాణంలో స్వైపింగ్ మెషీన్ పెట్టిన బ్యాంకుకూ పోతుంది. మనకిచ్చే క్యాష్‌బ్యాకూ, రివార్డ్ పాయింట్లూ, పేదపిల్లలకు వెళ్తుందన్న సొమ్మూ (వందకు అర్ధ రూపాయి అనుకుందాం) ప్రధానంగా మన బ్యాంకు వాటాలోంచే రావాలి. అంటే కార్డు గీకింది మనం, పేరొచ్చింది బ్యాంకుకు, అసలు పైసలు వదులుకున్నది బట్టల దుకాణదారు. చిన్న వ్యాపారి ఆ భారం మోయలేక ‘కార్డయితే రెండు శాతం ఎక్కువ’ అంటాడు. అతని మాటకు ఒప్పుకొని 20,000 రూపాయల వస్తువు కొంటే మనం అదనంగా కట్టేది 400, పిల్లలకు చేరేది 100.

ఇదే లెక్కను నెలకు 20,000 కార్డు మీద ఖర్చుపెట్టే ఇంటికి వేసి చూద్దాం. దానం అర్ధ శాతమైతే నెలకు 100 రూపాయలు, ఏడాదికి 1,200. కార్డుకు వార్షిక రుసుము 500 ఉంటే, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 590 మనం కట్టాలి. అదే ఖర్చు మీద రుసుము లేకుండా ఒక శాతం క్యాష్‌బ్యాక్ ఇచ్చే మామూలు కార్డు వాడితే ఏడాదికి 2,400 మన చేతికొస్తుంది. అదంతా మనమే పిల్లలకు పంపితే వాళ్లకు అందేది రెండింతలు, మనకు ఆ 590 కూడా మిగులుతుంది. పైగా రసీదు మన పేరున వస్తుంది. పాత పన్ను విధానంలో రిటర్న్ వేసేవాళ్లకు అర్హత ఉన్న సంస్థకిచ్చిన విరాళంపై 80జి మినహాయింపు దొరుకుతుంది. బ్యాంకు తన వాటాలోంచి ఇచ్చిన సొమ్ముకు దాత బ్యాంకే కాబట్టి ఆ మినహాయింపు మనం అడగలేం.

ఇదంతా బిల్లు గడువులోగా పూర్తిగా కట్టేవాళ్ల సంగతి. ఒక్క నెల తప్పితే లెక్క తలకిందులవుతుంది. మన దగ్గర చాలా కార్డుల బాకీ మీద నెలకు మూడు నుంచి మూడుముప్పావు శాతం దాకా వడ్డీ ఉంటుంది. మూడున్నర అనుకున్నా ఏడాదికి 42 శాతం. 20,000 బాకీ మీద ఒక్క నెలకు 700, జీఎస్టీ 126, మొత్తం 826 రూపాయలు. ఎనిమిది నెలలపాటు పిల్లలకు పంపామనుకున్న సొమ్ము కంటే అది ఎక్కువ. ఆలస్య రుసుము దీనికి అదనం. పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికీ కొన్నరోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ‘మినిమమ్ డ్యూ’ కడితే చాలనుకోవడం ఇక్కడే ప్రమాదం; అది ఆలస్య రుసుమును ఆపుతుంది, వడ్డీని ఆపదు. 30 శాతానికి మించిన వడ్డీ అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది కానీ, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కాబట్టి ఆ కంచె ఇప్పుడు లేదు. ఏ నెలైనా బాకీ మిగిల్చే అలవాటున్నవాళ్లు ఇలాంటి కార్డు జోలికి వెళ్లకూడదనే నేను గట్టిగా చెబుతాను.

డబ్బు లెక్కతోపాటు మనసు లెక్క కూడా ఉంది. దానిమీద మంచి పరిశోధనే జరిగింది. అమెరికాలోని ఎంఐటీలో డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే ఆచార్యులు బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లను విద్యార్థులకు వేలం వేశారు. కొందరు నగదు చెల్లించాలి, కొందరు కార్డుతో చెల్లించవచ్చు. కార్డువాళ్లు పాడిన పాట సగటున నగదువాళ్లదానికి సుమారు రెట్టింపు. ఈ ఫలితాలు 2001లో అచ్చయ్యాయి. నోట్లు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు కలిగే నొప్పి కార్డు గీకేటప్పుడు ఉండదు. ఇక ఆ గీకడానికి పుణ్యం కూడా తోడైతే ఆపేదేముంది?

రెండో పరిశోధన మన ప్రశ్నకు మరీ దగ్గరిది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలు ఆరాధనా కృష్ణ 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో, విరాళం ముడిపడి ఉన్న వస్తువు కొన్నవాళ్లు ఆ తర్వాత నేరుగా ఇచ్చే దానం తగ్గించారు. కొన్న వస్తువు ద్వారా వెళ్లింది కూడా కలిపి చూసినా మొత్తం తగ్గే అవకాశం ఉందని ఆమె గమనించారు. ‘నా వంతు అయిపోయింది’ అన్న తృప్తి అలా పనిచేస్తుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఏటా పిల్లల పేరున ఐదు వేలు ఇచ్చే మనిషి, కార్డు చూసుకుంటుందిలే అని ఆగిపోతే, ఆ పిల్లలకు మిగిలేది 1,200.

అయితే అందరికీ వద్దని చెప్పలేను. ప్రతి నెలా బిల్లు పూర్తిగా కట్టేవాళ్లు, కార్డుకు రుసుము లేకపోతే, క్యాష్‌బ్యాక్ వచ్చినా దాన్ని విడిగా తీసి ఎవరికీ పంపరని తమ గురించి తమకు తెలిస్తే, ఈ కార్డు పెట్టుకోవచ్చు. ఇవ్వకపోవడం కంటే 1,200 మేలే. సంతకం పెట్టేముందు మాత్రం దానం ఎంత శాతమో కాగితం మీద చూడాలి. ఏడాదికి గరిష్ఠ పరిమితి ఉందేమో, పెట్రోలు, ఈఎంఐల వంటివి లెక్కలోకి వస్తాయో రావో అడగాలి. సొమ్ము చేరే సంస్థ ఏదో తెలియాలి. చాలా బ్యాంకులు పాయింట్లను దానం చేసే వీలు ఇస్తాయి. పాయింటు విలువ తరచుగా పావలానే ఉంటుంది కాబట్టి వెయ్యి పాయింట్లంటే 250 రూపాయలని గుర్తుంచుకోవాలి.

నేరుగా ఇవ్వదలచినవాళ్లకు మన దగ్గర ప్రపంచంలో చాలామందికి లేని సౌకర్యం ఉంది. 2020 జనవరి 1 నుంచి, బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ చెల్లింపుల మీద తీసుకునేవారికి కోత లేదు. అలా వంద పంపితే వందా చేరుతుంది. అదే వందను సేవాసంస్థ వెబ్‌సైటులో క్రెడిట్ కార్డుతో ఇస్తే మళ్లీ ఆ రెండు రూపాయల కోత పడుతుంది. ఎవరికివ్వాలన్నది కూడా మన చేతిలోనే ఉంటుంది. కాజీపేట ఫాతిమానగర్ నుంచి మూడు దశాబ్దాలకు పైగా పనిచేస్తున్న బాలవికాస అనే స్వచ్ఛంద సంస్థ, పల్లెల్లో తాగునీటి ప్లాంట్లు పెట్టేటప్పుడు ఊరివాళ్లను కూడా తమ వాటా వేయమంటుంది. అలాంటి చోటికి బస్సెక్కి వెళ్లి, పని జరుగుతోందో లేదో కళ్లారా చూసి రావచ్చు. కార్డు వెనక అచ్చువేసిన పేరుతో ఆ వీలు అరుదుగా దొరుకుతుంది.

ఇప్పటికే కార్డు తీసుకొని, ఈ లెక్క చూశాక వద్దనుకునేవాళ్లు బాకీ మొత్తం కట్టేసి, మూసివేయమని రాతపూర్వకంగా అడగాలి. 2022 జులై నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం, బాకీ లేని కార్డును ఏడు పనిదినాల్లో మూసివేయాలి. ఆపైన ఆలస్యమైతే, మూసేదాకా రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకే ఖాతాదారుకు చెల్లించాలి.