మీకు తెలుసా? ఒక్కరి వెనక 12 మంది

భర్త తప్ప మరొకరు తెలియని ఇల్లాలికి కూడా 13 మంది నుంచి సుఖవ్యాధి ముప్పు ఉండొచ్చు. పెళ్లికి ముందు అతనికి ముగ్గురితో సంబంధం, ఆ ముగ్గురికీ వేర్వేరుగా మరో ముగ్గురితో ఉందనుకోండి. 1+3+9. లెక్క అంతే.

ఈ గొలుసు ఊరు దాటి కూడా సాగుతుంది. హైదరాబాద్–విజయవాడ హైవే మీది సూర్యాపేట, కోదాడ. రైస్ మిల్లుల మిర్యాలగూడ. మూడూ లారీలు ఆగే ఊళ్లే. దూరప్రాంత లారీ డ్రైవర్లను జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ‘వారధి’ వర్గంగా, అంటే ముప్పు ఎక్కువున్నవారి నుంచి మిగతా జనానికి వ్యాధి చేరే దారిగా లెక్కిస్తుంది. డ్రైవర్లందరూ వ్యాధి మోస్తున్నారని కాదు, రోజుల తరబడి ఇల్లు విడిచి తిరిగే పని అది.

సెగవ్యాధి, క్లమీడియా ఆడవాళ్లలో చాలాసార్లు పైకి కనిపించవు. అందుకే ప్రభుత్వ సురక్ష క్లినిక్‌లో భర్తకు ఈ వ్యాధుల మందుల బూడిదరంగు కిట్ ఇస్తే, భార్యకూ అదే ఇస్తారు: అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, ఒక్క మోతాదు. సందేహాలకు 1097, ఉచిత ఫోన్.