ఇంటికొక టార్చిలైటు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన తరువాత విశాఖపట్నంలో చాలా భాగం కొన్ని రోజులపాటు చీకటిలో ఉండిపోయింది. అటువంటి రాత్రులలోనే టార్చిలైటు విలువ తెలియవచ్చేది.

కాంతిని ల్యూమెన్లలో కొలుస్తారు. ఇంటి అవసరాలకు రెండు మూడు వందల ల్యూమెన్లు చాలును. చవక లైట్లపై కనిపించే వేల సంఖ్యలు చాలావరకు ప్రచారార్భాటమే.

18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు గల లిథియం-అయాన్ బ్యాటరీ నేడు విరివిగా లభిస్తున్నది. దాని సామర్థ్యం సాధారణంగా 2,000 నుండి 3,500 మిల్లీ ఆంపియర్-గంటలు. 9,900 అని ముద్రించినదానిని కొనకుండుటయే క్షేమం.

అసలు మెలకువ చార్జరు ఎంపికలో ఉన్నది. వోల్టేజిని 4.2 వోల్టులు మించనీయని చార్జరునే వాడాలి. మించినచో బ్యాటరీ వేడెక్కి మంటలు రేగవచ్చు. 1.2 వోల్టుల నికెల్ బ్యాటరీలకు ఉద్దేశించిన చార్జరు దీనికి పనికిరాదు.