బోదకాలు పురుగు – మన నెత్తుటిలోని తెల్లకణములు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములకు బోదకాలు క్రొత్త వ్యాధి కాదు. పూర్వపు కరీంనగర్ జిల్లాలో ఇది చిరకాలముగా పాతుకొని యున్నది. కాలు వాచినవారిని చూచి జాలిపడుదుము గాని, ఆ పురుగును మోయుచు ఆరోగ్యముగా తిరుగువారిని గుర్తింపజాలము. వ్యవసాయశాఖవారికి ఈ ముచ్చట ఏలయని కొందరడుగవచ్చును. నాట్ల వేళ మడిలో దిగవలసిన కాలు వాచినచో కలుగు నష్టము రైతు సోదరులకు వేరుగా చెప్పనక్కరలేదు.

నెత్తుటిలోని తెల్లకణములు ఊరి కావలివారి వంటివి. ఒక్క ఘన మిల్లీమీటరులో 4,000 నుండి 11,000 వరకు ఉండును. సూక్ష్మజీవులు చొరబడినచో కొన్ని కణములు వాటిని మ్రింగివేయును. కాని బోదకాలు ఆడపురుగు 8 నుండి 10 సెంటీమీటర్ల పొడవుండును. దాని పిల్లలు సైతము తెల్లకణముకన్న పలురెట్లు పెద్దవి. వాటిని మ్రింగుట ఒక్క కణము తరము కాదు. ఇందుకై ఇయోసినోఫిల్ అను వేరొక జాతి తెల్లకణములు కలవు. ఇవి గుంపుగా చేరి, పిల్లపురుగును అంటిపట్టుకొని, తమలోని విషపు రేణువులను దానిపై క్రుమ్మరించును. ఆరోగ్యవంతునిలో నూరు తెల్లకణములకు ఇవి ఆరింటికి మించవు. పురుగు సోకినపుడు తరచుగా పెరుగును. మనిషి కడుపులో కొంకిపురుగులు పడినపుడును ఇంతే.

కొందరిలో ఈ పోరు మితిమీరి ఊపిరితిత్తులకే చేటు తెచ్చును. రాత్రివేళ దగ్గు, పిల్లికూతలు, ఆయాసము కలుగును. మదనపల్లి చెంతనున్న ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయ వైద్యులు ఫ్రిమోట్-మొల్లర్, బార్టన్ అనువారు క్షయవలె తోచియు క్షయ కాని ఇట్టి జబ్బును గూర్చి 1940లోనే వ్రాసిరి. సిరిసిల్లలో మగ్గము నడుపువారు నూలుదుమ్మనియు, కోరుట్లలో బీడీలు చుట్టువారు పొగాకు ఘాటనియు సరిపెట్టుకొనుట సహజము. దుమ్మువలన దగ్గు రాదని కాదు. కాని వారముల తరబడి రాత్రి దగ్గు వదలనిచో, కఫ పరీక్షతోబాటు ఇయోసినోఫిల్ కణముల లెక్కయు చేయించవలెను. ఈ జబ్బులో అది సాధారణముగా 3,000 దాటును. వైద్యుని సలహాపై మూడు వారములు డి.ఇ.సి. మాత్రలు వాడినచో చాలమందికి గుణమిచ్చును. ఆలస్యమైనచో ఊపిరితిత్తులు గట్టిపడును. ఈ మందు 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యమున వెలువడినదని ఎందరికి తెలియును?

ఇక అసలు చిక్కు వేరొకటి. పెక్కుమందిలో పోరు జరుగనే జరుగదు. పెద్దపురుగు ఐదారేండ్లు, ఒక్కొక్కప్పుడు ఇంకను ఎక్కువకాలము, శరీరములో బ్రతికి కావలివారిని మందగింపజేయును. అట్టివాని నెత్తుటిలో పిల్లపురుగులు అసంఖ్యాకముగా తిరుగుచున్నను జ్వరముండదు, నొప్పియుండదు. రాత్రి 10 గంటలు మొదలు 2 గంటల వరకు అవి చర్మము చెంతకు ఎక్కువగా వచ్చును. రాత్రివేళ నెత్తురు తీయుట ఇందులకే. ఆ వేళకే క్యూలెక్సు దోమ కుట్టి, వాటిని ఇరుగుపొరుగునకు చేర్చును.

వ్యాధిగల జిల్లాలలో 2004 నుండి ఏడాదికొకమారు అందరిచే మాత్రలు మ్రింగించు పద్ధతి దేశములో మొదలైనది. “నాకేమియు లేదు, మాత్ర ఎందులకు?” అనువాని నెత్తుటిలోనే పురుగు ఉండవచ్చును. మాత్ర వేసికొన్న పిదప కొందరికి జ్వరము, తలనొప్పి వచ్చును. చచ్చిన పిల్లపురుగులపై శరీరము తిరుగబడుటయే అందులకు ముఖ్యకారణము. సాధారణముగా ఒకటి రెండు దినములలో తగ్గును. తగ్గనిచో వైద్యుని చూడవలెను. రెండేండ్లలోపు పిల్లలు, గర్భవతులు, తీవ్రముగా జబ్బుపడినవారు ఈ మాత్రలు వేసికొనరాదు. తక్కినవారు పరగడుపున గాక భోజనానంతరము వేసికొనవలెను.

వరిమడి వలననే బోదకాలు వచ్చునను మాట సరికాదు. ఈ దోమ కోరునది మురికినీరు. గ్రామ కార్యదర్శులు మురుగుకాలువలు పారునట్లు చూడవలెను. మరుగుదొడ్డి తొట్టి గాలిగొట్టమునకు సన్నని వల గట్టించుట స్వల్పఖర్చుతో నగు పని.